జీతమిచ్చి నేర్పే మడి

షికాగో నగరంలో మిషిగన్ సరస్సు ఒడ్డున మెకార్మిక్ ప్లేస్ అనే సమావేశ ప్రాంగణం ఉంది. ఉత్తర అమెరికాలో అంతకన్నా పెద్దది లేదు. 2013లో దాని పశ్చిమ భవనం కప్పు మీద కూరగాయల మడులు వేశారు. పైన కోసిన ఆకుకూరలూ దుంపలూ కింద ఉన్న వంటశాలలోకే దిగుతాయి. అక్కడి నుంచి సదస్సులకు వచ్చినవాళ్ల పళ్లేల్లోకి చేరతాయి. ఈ తోట వేసింది ఏ వ్యవసాయ కంపెనీయో కాదు. షికాగో బొటానిక్ గార్డెన్ నడిపే ‘విండీ సిటీ హార్వెస్ట్’ అనే ఉద్యోగ శిక్షణ కార్యక్రమం.

ఆ ప్రాంగణానికి పేరిచ్చిన మెకార్మిక్ ఒక పత్రికాధిపతి. 1831లో కోత యంత్రాన్ని పొలంలో నడిపి చూపించిన సైరస్ మెకార్మిక్‌కు తమ్ముడి మనవడు. సైరస్ 1847లో షికాగో వచ్చి పెట్టిన కార్ఖానాయే పెరిగి పెరిగి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ అయింది. పల్లెల్లో కోత కూలీల పనిని యంత్రానికి అప్పగించిన ఊరు ఇది. తరవాత ఆ యంత్రాలు తయారుచేసే పనీ ఊరు విడిచిపోయింది. ఇప్పుడు అదే ఊళ్లో పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలకు మట్టి పట్టించి ఉద్యోగం నేర్పుతున్నారు. వాళ్లను రైతులను చేయడం ఒక్కటే దీని ఉద్దేశం అనుకుంటే అసలు సంగతి చూడకుండా దాటిపోయినట్టే.

నార్త్ లాండేల్ అనే పేట కథ తెలిస్తే ఆ అసలు సంగతి అర్థమవుతుంది. షికాగో పశ్చిమాన ఉన్న ఆ పేటకు ఒకప్పుడు మూడు పెద్ద కొలువులు ఆధారం. టెలిఫోన్ పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ల హాథార్న్ కర్మాగారంలో 43 వేలమంది, ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌లో 14 వేలమంది, సియర్స్ అనే దుకాణాల కంపెనీ ప్రధాన కార్యాలయంలో మరో 10 వేలమంది పనిచేసేవారు. 1960ల చివర హార్వెస్టర్ కర్మాగారం మూతపడింది. 1970లలో సియర్స్ ఊరి మధ్యకు తరలిపోయింది. 1980ల తొలినాళ్లలో హాథార్న్ ముగిసింది. మార్టిన్ లూథర్ కింగ్ 1966లో ఇళ్ల వివక్ష మీద పోరాటానికి వచ్చి కాపురం ఉన్నది ఈ పేటలోనే. 1968 ఏప్రిల్‌లో ఆయన హత్య తరవాత చెలరేగిన అల్లర్లలో ఇక్కడి దుకాణాల వీధులు కాలిపోయాయి. 1960లో దాదాపు 1,25,000 ఉన్న జనాభా యాభై ఏళ్లకు 36 వేలకు పడిపోయింది. ఇళ్లు కూలిన చోట ఖాళీ స్థలాలు మిగిలాయి.

ఉద్యోగాలు పోవడం వల్ల పేటకు జరిగే నష్టం జీతాలతో ఆగదు. పొద్దున్నే బాక్సు పట్టుకుని పనికి వెళ్లే నాన్న, మేనమామ, పక్కింటి అన్న కనపడకపోతే పని అంటే ఏమిటో చూసి నేర్చుకునే దారి పిల్లలకు మూసుకుపోతుంది. వేళకు వెళ్లడం, మేస్త్రీ కోప్పడితే తట్టుకోవడం, చేసింది తప్పయితే మళ్లీ చేయడం, రాలేకపోతే ముందే కబురు పెట్టడం, ఇవేవీ పుస్తకంలో ఉండవు. ఈ పాఠాలు పోయిన చోట వాటిని మళ్లీ ఎక్కడ నేర్పాలి? విండీ సిటీ హార్వెస్ట్ లాంటి కార్యక్రమాలు ఇచ్చిన జవాబు, ఖాళీగా పడి ఉన్న ఆ స్థలాల్లోనే అని.

2003లో హైస్కూలు వయసు పిల్లలతో చిన్న తోటగా విండీ సిటీ హార్వెస్ట్ మొదలైంది. ఆ తరవాత షికాగో సిటీ కాలేజీలతో కలిసి యువకులకూ పెద్దలకూ 9 నెలల పట్టణ వ్యవసాయ సర్టిఫికెట్ కోర్సు పెట్టారు. అందులో జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్ ఒక భాగం. జైలుకు వెళ్లి వచ్చినవాళ్ల కోసం వేరే విభాగం ఉంది. కోర్సు పూర్తిచేసి సొంతంగా పండించుకోవాలనుకునేవాళ్లకు చిన్న చిన్న మడులు కౌలుకు ఇస్తారు. ఆ మడులున్న స్థలంలో ఒకప్పుడు రాబర్ట్ టేలర్ హోమ్స్ ఉండేవి. ప్రభుత్వం పేదల కోసం కట్టి 1962లో పూర్తిచేసిన 28 భవనాలవి, ఒక్కొక్కటి 16 అంతస్తులు. 2007 నాటికి అన్నీ నేలమట్టమయ్యాయి. 2011లో షికాగో నగర పాలకులు జోనింగ్ నిబంధనలు సవరించి పట్టణ వ్యవసాయానికి చట్టబద్ధమైన చోటు ఇచ్చాక ఇలాంటి తోటలకు దారి సుగమమైంది. 2018లో నార్త్ లాండేల్‌లోనే, అక్కడి ఆరోగ్య కేంద్రంతో కలిసి, ‘ఫార్మ్ ఆన్ ఆగ్డెన్’ తెరిచారు. మధుమేహం, రక్తపోటు లాంటి జబ్బులున్నవాళ్లకు వైద్యులు చీటీ రాస్తే ఇక్కడి నుంచి కూరగాయల పెట్టె ఇస్తారు.

మట్టిని నమ్మే ముందు

నగరంలో విత్తనం చల్లడానికి ముందు చేయాల్సిన పని మట్టి పరీక్ష. పల్లెలో మట్టి పరీక్ష అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ గుర్తొస్తాయి. షికాగోలో మొదట అడిగేది సీసం గురించి. అమెరికాలో ఇళ్లకు సీసం రంగులు వేయడం 1978లో నిషేధించారు. రోడ్డు వాహనాల పెట్రోలులో సీసం 1996 నాటికి పూర్తిగా ఆగింది. (మన దేశంలో అది 2000లో జరిగింది.) రంగు పెచ్చులుగా ఊడి ఇంటి పునాదుల చుట్టూ రాలింది, పొగగొట్టాల్లోంచి వచ్చింది రోడ్డు పక్కన పేరుకుంది. సీసం ఒక మూలకం. ఏ సూక్ష్మజీవీ దాన్ని విరగ్గొట్టి మరో పదార్థంగా మార్చలేదు. అందుకే దశాబ్దాలు గడిచినా పైమట్టిలోనే ఉంటుంది. పిల్లలు ఆడుకునే చోట కిలో మట్టిలో 400 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని అమెరికా పర్యావరణ సంస్థ చాలా ఏళ్లు చెప్పింది. 2024లో ఆ హద్దును 200కు దించింది.

ఇక్కడ శిక్షణార్థి నేర్చుకునేది నిజమైన విజ్ఞానం. మొక్కల వేళ్లు సీసాన్ని పెద్దగా పైకి లాగవు, టమాటా లాంటి కాయల్లోకి చేరేది బహు తక్కువ. అసలు ప్రమాదం ఆకులకూ దుంపలకూ అంటుకున్న మట్టి, గాలిలో లేచే దుమ్ము, కడగని చేతులు. మట్టి ఆమ్లత్వం తగ్గించి తటస్థంగా ఉంచితే, భాస్వరమూ సేంద్రియ పదార్థమూ కలిపితే, సీసం కరగని రూపాల్లో బిగుసుకుంటుంది. అది కూడా చాలదనుకుంటే పాత మట్టి మీద అడ్డుపొర పరిచి, చుట్టూ చట్రం కట్టి, పైన శుభ్రమైన మట్టీ కంపోస్టూ పోసి ఎత్తు మడులు చేస్తారు. మట్టి నమూనా తీయడంలో కూడా పద్ధతుంది. ఒక్క చోట తవ్విన గుప్పెడు మట్టి మొత్తం స్థలం గురించి నిజం చెప్పదు. పలు చోట్ల ఒకే లోతులో తీసి, కలిపి, అందులోంచి నమూనా పంపాలి. ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో సంచి మీద రాయాలి. ఇది అబ్బిన కుర్రవాడు రేపు నీటి పరీక్షల ల్యాబులోనో, ఆహార కంపెనీ నాణ్యత విభాగంలోనో మొదటి రోజే పనికొస్తాడు.

కంపోస్టు సంగతీ అంతే. ఎండుటాకులు, చెక్కపొట్టు లాంటి కర్బన పదార్థం, వంటింటి చెత్త లాంటి నత్రజని పదార్థం కలిపేటప్పుడు మొత్తం కర్బనం నత్రజనికి 25 నుంచి 30 రెట్లు ఉండాలి. కర్బనం తక్కువైతే అమ్మోనియా వాసన కొడుతుంది, ఎక్కువైతే కుప్ప వేడెక్కదు. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం వరసగా పోసిన కుప్ప 15 రోజుల పాటు 55 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలి, ఆ వ్యవధిలో కనీసం 5 సార్లు తిరగేయాలి. రోగకారక క్రిములు చావాలంటే అంత వేడి కావాలి. కనుక థర్మామీటరు గుచ్చి, రీడింగు చూసి, రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. ఆదివారం రాయకుండా వదిలేసిన గడిని సోమవారం ఊహించి నింపకూడదు. నా దృష్టిలో ఈ ఒక్క నియమం పాటించడం అలవాటైతే శిక్షణలో సగం అయినట్టే.

పంట పెట్టే గడువులు

పంటలన్నీ ఒకే వేగంతో జవాబు చెప్పవు. శిక్షణకు తోట ఇంతగా పనికిరావడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. ఏ నైపుణ్యమైనా అబ్బాలంటే చేసిన పనికి ఫలితం కనపడాలి. ఫలితం మరీ ఆలస్యమైతే ఏ పని వల్ల ఏమైందో తెలియదు. మరీ త్వరగా వస్తే ఓర్పు అలవడదు. మొలకదశలోనే కోసే చిట్టి ఆకుకూరలు 10, 14 రోజుల్లో చేతికొస్తాయి. నీళ్లు ఒకరోజు మరిస్తే ఆ వారమే కనపడుతుంది. ముల్లంగి 25, 30 రోజులు తీసుకుంటుంది. ఒత్తుగా చల్లి పలచన చేయకపోతే ఆకులు ఏపుగా ఎదుగుతాయి గాని కింద దుంప ఊరదు. లెట్యూస్‌కు రెండు నెలలకు అటూ ఇటూ. నారు ఆలస్యంగా నాటితే ఎండలు ముదిరాక పూతకాడ వేసి ఆకు చేదెక్కుతుంది. టమాటాకు వేసవి అంతా కావాలి. షికాగోలో వెల్లుల్లి అక్టోబరులో నాటితే మరుసటి జులైలో గాని తవ్వరు. పది రోజుల గడువు నుంచి తొమ్మిది నెలల గడువు దాకా ఒకే తోటలో మెట్లు మెట్లుగా ఉన్నాయన్నమాట.

ముందుచూపు, తొందరపాటును ఆపుకోవడం, పనుల వరస కట్టుకోవడం లాంటి వాటికి మెదడులో ముందు భాగం ముఖ్యం. అది ఇరవైల నడిమి దాకా పరిణతి చెందుతూనే ఉంటుందని నాడీశాస్త్రం చెబుతోంది. ఆ వయసు వాళ్ల ముందు పెట్టాల్సింది సుదూర భవిష్యత్తు గురించిన ఉపన్యాసం కాదు, చిన్న గడువుల నుంచి పెద్ద గడువుల దాకా నడిచే పని. తోట ఆ పని ఇస్తుంది. పైగా తోటతో వాదించలేం. మేస్త్రీ పక్షపాతం చూపాడని అనుకోవచ్చు, ఎండిపోయిన నారుమడి మాత్రం ఎవరి పక్షమూ వహించదు. ఇంట్లో, బడిలో, పోలీసు స్టేషనులో ఎన్నోసార్లు తీర్పులకు గురైన పిల్లలకు ఇలా పక్షపాతం లేని ఫలితం ఎదురవడం చాలా పెద్ద విషయం.

ఇందులో లెక్కలూ ఉన్నాయి. పంట ఎదుగుదల తేదీలను బట్టి కాక అందిన వేడిని బట్టి సాగుతుంది. రోజులో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు తీసి, అందులోంచి ఆ పంట ఎదగడానికి కావలసిన కనీస ఉష్ణోగ్రతను తీసేస్తారు. వేసవి పంటలు చాలావాటికి అది 10 డిగ్రీలు. గరిష్ఠం 28, కనిష్ఠం 16 అయితే సగటు 22, పది పోగా 12. రోజూ ఇలా కూడుకుంటూ పోతే ఏ వారం కోతకు వస్తుందో ముందే అంచనా కట్టవచ్చు. హోటలు వాళ్లు వారానికి 20 కిలోల ఆకు అడిగితే, ఒక్కసారే విత్తి ఒక్కసారే కోస్తే కుదరదు. వారం వారం కొంచెం కొంచెం విత్తాలి. ఎండలు పెరిగే కొద్దీ విత్తే వ్యవధి మార్చాలి. బడిలో సగటు, తీసివేతలంటే విసిగిపోయిన పిల్లవాడికి ఇక్కడ ఆ లెక్క తప్పితే శుక్రవారం పెట్టె ఖాళీగా వెళ్తుందని తెలుస్తుంది.

షికాగో భూమధ్యరేఖకు దాదాపు 42 డిగ్రీల ఉత్తరాన ఉంది. పగలు 10 గంటలకన్నా తగ్గితే చాలా ఆకుకూరల ఎదుగుదల ఇంచుమించు నిలిచిపోతుంది. అక్కడ నవంబరు రెండో వారం నుంచి జనవరి చివర దాకా అదే పరిస్థితి. కాబట్టి వేడి పెట్టని పాలీహౌసుల్లో శీతకాలం కోసే పాలకూరను శరదృతువులోనే ముప్పాతిక వంతు పెంచి ఉంచాలి. తరవాత పాలీహౌసు దాన్ని కాచి ఉంచుతుంది గాని పెంచదు. హైదరాబాదులో అతి చిన్న పగలు కూడా సుమారు 11 గంటలు ఉంటుంది. మన తోటమాలికి రాని ఈ చిక్కు అక్కడివాళ్లకు ప్రణాళిక వేసుకోవడం నేర్పుతోంది.

కోత తరవాత కథ మారుతుంది. కోసిన ఆకు చావదు, శ్వాసిస్తూనే ఉంటుంది. దాచుకున్న చక్కెరలను కాల్చుకుంటూ, నీరు వదులుతూ వాడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ శ్వాస వేగం రెండు మూడు రెట్లవుతుంది. అందుకే తెల్లవారుజామున, ఆకు చల్లగా ఉన్నప్పుడే కోయాలి, వెంటనే చల్లటి శుభ్రమైన నీళ్లలో ముంచి ఒంట్లో వేడి తీయాలి, తరవాత శీతల గదిలో పెట్టాలి. ఆరింటికి రావాల్సినవాడు ఎనిమిదింటికి వస్తే ఏమవుతుందో తిట్టి చెప్పనక్కర్లేదు, వాడిన పెట్టె చెబుతుంది. అయితే చల్లదనం అన్నిటికీ మంచిది కాదు. లెట్యూస్ సున్నాకు దగ్గర్లో హాయిగా ఉంటుంది. టమాటాను అంత చల్లగా పెడితే రుచీ వాసనా పోతాయి. స్వీట్ బేసిల్ అనే తులసి జాతి ఆకు నల్లబడుతుంది. కారణం తెలిసినవాడే ఏది ఎక్కడ పెట్టాలో సరిగ్గా చెప్పగలడు. గిడ్డంగుల్లో, సూపర్ బజార్లలో, హోటల్ వంటశాలల్లో, మందుల రవాణాలో కూడా చల్లదనం తెగకుండా చూసే పనే పెద్ద పని. తోట నుంచి వెళ్లినవాళ్లు అక్కడ కొత్తవాళ్లలా నిలబడిపోరు.

ఫార్మ్ ఆన్ ఆగ్డెన్‌లో చేపల తొట్ల నీటితో ఆకుకూరలు పండిస్తారు. చేపలు మొప్పల గుండా అమ్మోనియా వదులుతాయి. అది పేరుకుంటే వాటికే విషం. నైట్రోసోమోనాస్ జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, నైట్రోస్పిరా జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్ మొక్కకు ఆహారం. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొందరపడి చేపలన్నీ ఒకేసారి వేస్తే చచ్చిపోతాయి. మొక్క కొంచెం ఆమ్లత్వం కోరుతుంది, బ్యాక్టీరియా కొంచెం క్షారత్వం కోరుతుంది, రెండింటికీ సర్దుబాటుగా పీహెచ్ 7 దగ్గర ఉంచుతారు. నగరాల మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో అమ్మోనియాను తొలగించేదీ ఇదే ప్రక్రియ. చేపల తొట్టి దగ్గర నీటి పరీక్ష నేర్చుకున్న పిల్లకు ఆ కేంద్రంలో ఉద్యోగ ప్రకటన చూస్తే అందులో సగం మాటలు ముందే తెలుసు.

కాజాల నుంచి కత్తిరింపు దాకా

ఇలాంటి నేర్పు గురించి జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే పరిశోధకులు 1991లో ఒక పుస్తకం రాశారు. లేవ్ అంతకుముందు పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలో వాయ్ తెగ దర్జీల దగ్గర శిష్యరికాన్ని గమనించింది. అక్కడ కొత్తగా చేరిన కుర్రవాడు బట్ట కత్తిరించడంతో మొదలుపెట్టడు. ఇస్త్రీ చేయడం, గుండీలు కుట్టడం లాంటి చివరి పనులు ముందు చేస్తాడు. తరవాత కుట్టు, అన్నిటికన్నా ఆఖరున కత్తిరింపు. మన దర్జీ కొట్లో కాజాలు కుట్టే కుర్రవాడిని చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. అందులో మంచి తర్కం ఉంది. చివరి పనిలో పొరపాటు జరిగితే దిద్దుకోవచ్చు, కత్తెర పొరపాటును దిద్దలేం. పైగా పూర్తయిన చొక్కా ఎలా ఉండాలో ముందే చేతికి తెలుస్తుంది.

తోటలోనూ అదే వరస పనిచేస్తుంది. మొదట పెట్టెలు కడగడం, ఆకు ఏరి కట్టలు కట్టడం, బండి ఎక్కించడం. మంచి కట్ట ఎలా ఉండాలో, కొనేవాళ్లు దేన్ని వెనక్కి పంపుతారో అప్పుడు తెలుస్తుంది. తరవాత కోత, ఆ తరవాత నాట్లు, చివరికి ఏ మడిలో ఏ వారం ఏం వేయాలో ప్రణాళిక. ఈ మెట్లు ఎక్కనివ్వకుండా ఏడాదంతా కలుపు తీయించి దానికి శిక్షణ అని పేరు పెట్టేవాళ్లూ ఉంటారు. అది కూలి పని, దాన్ని కూలి అనే పిలవాలి. ఏ కార్యక్రమం మంచిదో తేల్చుకోవాలంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఆరు నెలలకు ఆ పిల్లవాడి చేతికి ప్రణాళిక కాగితం వచ్చిందా లేదా?

లాటరీ చెప్పిన నిజం

మనసు నింపే కథలు ఎన్నైనా చెప్పవచ్చు. ఇలాంటి కొలువుల వల్ల నిజంగా ఏం మారుతుందో తేల్చడం మాత్రం కష్టం. చురుకైనవాళ్లే శిక్షణకు వస్తారు, తరవాత వాళ్లు బాగుపడితే ఆ గొప్ప శిక్షణదా, వాళ్లదా? దీనికి పరిశోధకులకు దొరికిన ఉపాయం లాటరీ. ఉద్యోగాలకన్నా దరఖాస్తులు ఎక్కువ ఉన్నప్పుడు చీటీ తీసి ఇస్తే, వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ మధ్య అదృష్టం తప్ప ఇంకే తేడా ఉండదు.

2012 వేసవిలో షికాగోలో హింస ఎక్కువున్న 13 హైస్కూళ్ల నుంచి 1,634 మంది పిల్లలతో అలా చేశారు. ఎంపికైనవాళ్లకు 8 వారాలు, వారానికి 25 గంటలు, గంటకు 8.25 డాలర్ల కనీస వేతనంతో పని ఇచ్చారు. ఆ పనుల్లో పేట తోటల్లో పని కూడా ఒకటి. పరిశోధకురాలు సారా హెల్లర్ 2014లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ఫలితం ప్రకారం, తరవాతి 16 నెలల్లో హింసాత్మక నేరాలకు అరెస్టులు, పని దొరకనివాళ్లతో పోలిస్తే, 43 శాతం తగ్గాయి. తగ్గుదలలో ఎక్కువ భాగం వేసవి కొలువు ముగిశాక వచ్చింది. అంటే వీధిలో తిరగడానికి తీరిక లేకపోవడం మాత్రమే కారణం కాదు. పిల్లల్లోనే ఏదో మారింది.

ఇది విని ఉత్సాహపడేవాళ్లు రెండో సగం కూడా వినాలి. న్యూయార్కులో 2005 నుంచి 2008 దాకా వేసవి ఉద్యోగాలకు వచ్చిన దాదాపు 3 లక్షల దరఖాస్తుల లాటరీ మీద జరిగిన అధ్యయనంలో, జైలు పాలవడమూ అకాల మరణాలూ తగ్గాయి. తరవాతి సంపాదన మాత్రం పెరగలేదు. షికాగోలో కూడా సగటున తరవాతి ఉద్యోగాలు పెరిగినట్టు తేలలేదు. ఒక్క వేసవి పని ఒక ప్రాణాన్ని కాపాడగలదు. జీవనోపాధిని కట్టడానికి మాత్రం అది చాలదు. అందుకే 9 నెలల శిక్షణ, దాని చివర సర్టిఫికెట్, అవతల ఎదురుచూసే యజమాని, ఇవన్నీ కావాలి. ఈ అధ్యయనాలు తోటలను విడిగా కొలిచినవి కావు. వేతనంతో కూడిన పనిని కొలిచాయి. తోట గొప్పతనాన్ని ఎంత చెప్పినా, ఆ వేతనం లేకుండా ఇదే ఫలితం వస్తుందని ఎవరూ అనకూడదు. ఇంట్లో అద్దె కట్టాల్సిన పిల్లవాడిని ఊరికే వచ్చి నేర్చుకోమనడం అన్యాయం. అలా పిలిస్తే నడిచివచ్చేది ఇంట్లో జరుగుబాటు ఉన్నవాళ్లే.

న్యూయార్కులోనే గ్రీన్ సిటీ ఫోర్స్ అనే సంస్థ 2009 నుంచి ప్రభుత్వ గృహ సముదాయాల్లో ఉండే 18 నుంచి 24 ఏళ్లవాళ్లను తీసుకుని, నెల నెలా భత్యం ఇస్తూ, ఆ సముదాయాల ఆవరణల్లోనే తోటలు వేయిస్తోంది. మొదటి పెద్ద తోట 2013లో రెడ్ హుక్ అనే పేటలో వచ్చింది. అక్కడ పండిన కూరలు అమ్మరు. వంటింటి చెత్త తెచ్చి కంపోస్టుకు ఇచ్చినవాళ్లకు, తోటలో సాయం చేసినవాళ్లకు ఇస్తారు. తమ కిటికీల కింద తమ పిల్లలే పండించిన కూర తమ పళ్లెంలోకి రావడం ఆ సముదాయానికి ఎంత గౌరవమో చెప్పనక్కర్లేదు.

మరి ఖర్చు ఎవరు భరించాలి? ఈ ప్రశ్న దగ్గరే మిల్వాకీ నగరంలోని గ్రోయింగ్ పవర్ అనే సంస్థ కథ గుర్తుచేసుకోవాలి. వృత్తి బాస్కెట్‌బాల్ ఆడిన విల్ అలెన్ 1993లో ఆ నగరంలో పాత గాజు గృహాలున్న రెండు మూడు ఎకరాల స్థలం కొన్నాడు. వానపాముల ఎరువు, చేపల తొట్లు, పేట పిల్లలకు పని, ఈ మూడూ కలిపి అమెరికా పట్టణ వ్యవసాయానికే ముఖచిత్రం అయ్యాడు. 2008లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. దేశదేశాల నుంచి నేర్చుకోవడానికి వచ్చారు. అయినా అప్పులు పెరిగి 2017లో సంస్థ మూతపడింది. ఆయన కృషి అబద్ధం కాలేదు. షికాగోలో ఆయన కూతురు ఎరికా అలెన్ నడిపిన శాఖ అర్బన్ గ్రోయర్స్ కలెక్టివ్ అనే వేరే సంస్థగా కొనసాగుతోంది. ఆ మూతలో నాకు కనపడేది లెక్కల్లోని ఒక కఠినమైన విషయం. నేర్చుకుంటున్న చేయి నెమ్మదిగా కోస్తుంది, పక్కన నిలబడి నేర్పేవాళ్లకు జీతం ఉంది, పాడైన మడి కూడా పాఠంలో భాగమే. పాలకూర కట్ట అమ్మి ఆ ఖర్చంతా రాబట్టమంటే ఏ తోటా నిలబడదు. ఐటీఐ వర్క్‌షాపులో విద్యార్థులు అరగదీసిన ఇనుప ముక్కలు అమ్మి కాలేజీ నడపమని ఎవరూ అనరు కదా! తోటకు మాత్రం ఆ షరతు ఎందుకు?

తెలుగు పట్టణాల్లో దీనికి పనికొచ్చే సరంజామా చాలానే ఉంది. హైదరాబాదులో కథారచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి తన మిద్దె తోట గురించి రాసీ, చెప్పీ వేలాది ఇళ్లకు ఆ మాట తీసుకెళ్లారు. బోయిన్‌పల్లి మార్కెట్‌లో మిగిలిన కూరగాయల నుంచి బయోగ్యాస్, కరెంటు తీసే కేంద్రం పనిచేసింది. అగ్రికల్చర్ స్కిల్ కౌన్సిల్ జాబితాలో తోటమాలి కొలువుకు అర్హత ప్రమాణం ఉంది. 2016 నుంచి అప్రెంటిస్‌లకు ఇచ్చే భత్యంలో కొంత కేంద్రం భరించే పథకమూ ఉంది. మట్టి విషయంలో మాత్రం మనం షికాగోకన్నా జాగ్రత్తగా ఉండాలి. మూసీ వెంట మురుగునీటితో ఆకుకూరలూ పశువుల గడ్డీ పండించడం దశాబ్దాలుగా జరుగుతోంది. అలాంటి నేల మీద, అలాంటి నీటితో శిక్షణ మొదలుపెడితే నేర్చుకునే పిల్లల ఒంటికే ముప్పు. పరీక్ష ముందు, విత్తనం తరవాత.

మిద్దె తోట ఇప్పటిదాకా ఎక్కువగా ఇంటివాళ్ల ఆరోగ్యం కోసం, ఆనందం కోసం సాగింది. అది కొలువు నేర్పే చోటు కావాలంటే పండిన దాన్ని కొంటానని ముందే మాట ఇచ్చేవాళ్లు కావాలి. మెకార్మిక్ ప్లేస్‌లో మడులకు కింద వంటశాల ఉంది, లాండేల్‌లో తోటకు తోడుగా ఆరోగ్య కేంద్రం ఉంది. మన దగ్గర కాలేజీ హాస్టళ్లు, పెద్దాసుపత్రుల క్యాంటీన్లు, గుళ్ల అన్నదానాలు, బడుల మధ్యాహ్న భోజనాలు ఉన్నాయి. మీ చేతిలో అలాంటి వంటశాల ఒకటి ఉంటే, వారానికి ఎన్ని కిలోల పాలకూర, ఎన్ని కట్టల కొత్తిమీర కావాలో కాగితం మీద రాసి, ఫలానా ధరకు ఏడాది పాటు కొంటామని మీ మునిసిపాలిటీకో, దగ్గర్లోని ఐటీఐకో, పాలిటెక్నిక్‌కో ఇవ్వండి. ఖాళీ కప్పూ, పని కోసం చూస్తున్న పిల్లలూ మీ ఊళ్లోనే ఉన్నారు.